విశ్రాంత సైనికుల సేవాదాఖలాలు – వాని దోషసవరణ

(గండికోటలో జరిగిన మన కులసంఘ వార్షిక మహాసభయందు చదువబడిన ఉపన్యాసము)



ఈ మహాసభయందు సైన్యమునుండి విరమించి వచ్చిన మనవారిని గూర్చి నాలుగు మాటలు చెప్పవలసినదని కార్యనిర్వాహకవర్గమువారు మమ్ము కోరిరి. విద్యను గూర్చియు, వివాహవ్యయమును గూర్చియు, వ్యవసాయమును గూర్చియు ప్రసంగింప సమర్థులైనవారు ఈ వేదికపై ననేకులున్నారు. మేమెన్నుకొన్న విషయము చూపునకు మిక్కిలి చిన్నది. సైనికుని సేవాదాఖలాలలో పడిన వ్రాతతప్పులను దిద్దించుకొనుట యెట్లు అనునదియే మా ప్రసంగవిషయము. ఒక్క అక్షరము తేడాపడుటచే వితంతువు పింఛను నిలిచిపోవుటకు అవకాశము గలదు గనుక, దీనిని చిన్నవిషయమని త్రోసివేయరాదని మా మనవి.

ఈ ప్రసంగమునకు ఈ స్థలముకంటె తగినది వేఱొకటి లేదు. ఎఱ్ఱమల కొండలను చీల్చుకొని పెన్నానది పాఱు ఈ గండిపై నిలిచిన కోటను పెమ్మసాని నాయకులు ఏలిరి. 1650వ సంవత్సరమున గోలకొండ సేనాని మీర్ జుమ్లా దీనిని వశపఱచుకొనెను. 1652లో ఇచ్చటికి వచ్చిన ఫ్రెంచి వర్తకుడు టావెర్నియే, ఇచ్చట ఫిరంగులు పోతపోయించుటకు జరిగిన ప్రయత్నమును తన యాత్రాగ్రంథమున వర్ణించెను. నాయకుల పేళ్ళు శాసనములలోను కైఫీయతులలోను నిలిచియున్నవి. కాని ఈ గోడలపై రేయింబవళ్ళు కాపుగాచిన సామాన్యభటుల పేళ్ళు మనకు దొరకవు. వారిని గూర్చి వ్రాసినవాడు లేడు. నేటి సిపాయికి ఆ దుర్గతి లేదు. వాని పేరు, ఊరు, తండ్రి, భార్య, బిడ్డలు, గాయములు, సెలవులు అన్నియు కాగితముపై నెక్కియున్నవి. అయితే ఆ కాగితము తప్పైనచో లేనిదానికంటె నది యెక్కువ చేటు చేయును. లేనిదానికి వేఱు సాక్ష్యము చూపవచ్చును. తప్పుగానున్నది మనకే యెదురు సాక్ష్యము చెప్పును.

మన సీమవారికిని సైనికవృత్తికిని గల సంబంధము ప్రాచీనమైనది. 1800లో ఈ దత్తమండలములు ఇంగ్లీషు కంపెనీవారి పాలనలోనికి వచ్చినపుడు మన్రో దొర పాళెగాండ్ర బలమును అణచివేసెను. వారిని నమ్ముకొన్న బంట్లలో పెక్కుమంది బ్రతుకుతెఱువు పోయినది. మదరాసు సైన్యమున తెలుగువారు ఎంత ప్రసిద్ధులనగా, ఉత్తరదేశమున సిపాయికి ‘తెలంగా’ యనియే పేరు వచ్చినది. పిదప 19వ శతాబ్దపు చివర, దక్షిణాదివారు యుద్ధమునకు తగరను అభిప్రాయము పాలకులలో బలపడెను. 1881 మొదలు 1885 వఱకు మదరాసు సేనాధిపతిగానుండి తరువాత భారత సర్వసేనాధిపతియైన రాబర్ట్సు దొర ఈ మతమునకు ముఖ్యప్రచారకుడు. తెలుగువారిని చేర్చుకొనుట అంతకంతకు తఱిగిపోయినది. ఇది ఒక మనిషిని గూర్చిన తప్పువ్రాత గాదు. ఒక జాతిని గూర్చిన తప్పువ్రాత. రెండు ప్రపంచయుద్ధములలో మనవారు తిరిగి సైన్యమునజేరి దానిని తమ సేవచేతనే దిద్దిరి.

ఆ యుద్ధములలో మడిసినవారి దాఖలాల గతి యేమో చూడుడు. 1914–18 యుద్ధమున మెసపొటేమియాలో మరణించినవారికై బస్రాలో నిర్మించిన స్మారకముపై భారతీయులగు ఆఫీసర్ల పేళ్ళు చెక్కిరి. సామాన్య సిపాయిలకు పేళ్ళుగాక సంఖ్యలు మాత్రమే వేసిరి. యుద్ధసమాధుల సంఘమువారు ఇట్టి అసమానతను 2021లో బహిరంగముగా నొప్పుకొని క్షమాపణ చెప్పిరి. ఒక తప్పు నొప్పుకొనుటకు నూఱేండ్లు పట్టినది! మన యింటి సిపాయి భార్య నూఱేండ్లు వేచియుండజాలదు గదా!

ఇక ప్రకృతమునకు వత్తము. సైనికుని దాఖలా యనగా నేమి? చేరిననాడు నింపిన చేరికపత్రము మొదటిది. వాని సేవాచరిత్రమంతయు గల షీట్ రోల్ రెండవది. వివాహము, బిడ్డల పుట్టుక, మరణము, బదిలీ, శిక్ష, పదోన్నతి మొదలగునవి జరిగినప్పుడెల్ల ప్రకటింపబడు పార్ట్ టూ ఆర్డరులు మూడవవి. విరమించుననాడు చేతికిచ్చు డిశ్చార్జి పుస్తకము నాలుగవది. పింఛను చెల్లింపు ఉత్తరువు, అనగా మనవారు పి.పి.ఓ. అని పిలుచునది, ఐదవది. మొదటి మూడును రికార్డు ఆఫీసులో నుండును. చివరి రెండు సైనికుని యింట నుండును. ఏ శాఖలో పనిచేసిన ఆ శాఖకు రికార్డు ఆఫీసు వేఱు. మదరాసు రెజిమెంటువారిది నీలగిరులలోని వెల్లింగ్టనులో, మదరాసు ఇంజినీరు దళమువారిది బెంగుళూరులో, ఇ.ఎం.ఇ. వారిది సికిందరాబాదులో, ఫిరంగిదళమువారిది నాసికరోడ్డులో, సిగ్నల్సువారిది జబల్పూరులో గలవు. పింఛను ఉత్తరువునిచ్చునది ప్రయాగరాజులోని పింఛను లెక్కల కార్యాలయము. కావున జమ్మలమడుగులో కూర్చున్న ముసలివాని పేరులోని అక్షరము మాఱుటకు రెండు దూరదేశపు కచ్చేరులు కదలవలయును.

ఈ దోషములు ఎట్లు పుట్టుచున్నవి? వెనుకటి కాలమున మన పేరు వ్రాసికొను కరణము మన యిల్లెఱిగినవాడు. సైన్యమునందలి గుమాస్తా మన భాషనే యెఱుగడు. తెలుగువాడు ఇంటిపేరు ముందుచెప్పును. గుమాస్తా దానిని అసలు పేరుగా దలచి వ్రాయును. కొందఱు ఇంటిపేరడిగిన తండ్రిపేరు చెప్పుదురు. మన సీమలో ఓబులేసు అను పేరు ఎంత సామాన్యము! అదియే ఒకచోట ఓబులేశు, ఒకచోట ఓబులయ్య, పెండ్లిపత్రికలో అహోబలేశ్వరుడు. అన్నదమ్ములిద్దఱు పెద్ద మద్దిలేటి, చిన్న మద్దిలేటి అయినచో, ‘పెద్ద’, ‘చిన్న’ అనునవి ఇంగ్లీషు వ్రాతలో జారిపోయి ఇద్దఱును ఒక్కడే యగుదురు. పీరుస్వామికి మ్రొక్కుకొని కనిన బిడ్డలకు దస్తగిరి, మస్తానమ్మ, హుస్సేనయ్య యని పేళ్ళుపెట్టుట మన పల్లెలలోని హిందువులలో వాడుక. దూరదేశపు గుమాస్తా ఆ పేరునుబట్టి మతమునే తప్పుగా వ్రాయుటకు అవకాశము గలదు. కులమును దెలుపు బిరుదము ఒక పత్రములో పేరునకు చేరి, వేఱొకదానిలో లేకపోవుటయు గలదు. సంఘాభిమానముచే నడివయస్సున ఆ బిరుదమును తగిలించుకొనువారు, ఒక్క కాగితమున తగిలించి పదింట మఱచిన నది చిక్కు తెచ్చునని యెఱుగవలయును.

స్త్రీల పేళ్ళ విషయము మఱింత క్లిష్టము. పుట్టింట ఓబుళమ్మ, అత్తవారింట అదే పేరు గల తోడికోడలుండుటచే లక్ష్మమ్మ, ఆధార్ కార్డులో లక్ష్మీదేవి. సిపాయి తన మొదటి సెలవు ముగించుకొని పోయి, పెండ్లియైనదని తెలిపి, తనకు తెలిసిన ముద్దుపేరు వ్రాయించెను. పార్ట్ టూ ఆర్డరులో నదియే ప్రకటింపబడెను. ఆ యింటిలో ముప్పదియేండ్ల వఱకు దానిని చూచినవాడు లేడు.

ఊళ్ళ పేళ్ళును అట్లే. మన జిల్లాను ఇంగ్లీషున కడ్డప్ప యని వ్రాయువారు; 2005లో కడప యని దిద్దిరి; 2010లో వై.ఎస్.ఆర్. జిల్లా యనిరి. తాలూకాలు పోయి మండలములు వచ్చినవి. మఱియు ఈ గండికోట జలాశయములో నీరు నిలిపినందున కొండాపురము మండలములోని తాళ్ళప్రొద్దుటూరు మొదలగు ఊళ్ళు ముంపునకు లోనైనవి. తాళ్ళప్రొద్దుటూరు 2020లో ఖాళీయైనది. అట్టి యూరి సైనికుని దాఖలాలో నేడును ఆ పాత విలాసమే యుండినచో, రికార్డు ఆఫీసువారు పంపు జాబు ఎవరికి చేరును? మునిగిన యూరికి టపాబంట్రోతు పోజాలడు. కావున పునరావాసగ్రామములకు పోయినవారు మొట్టమొదట చేయవలసిన పని విలాసమును మార్పించుకొనుట.

ఈ తప్పులవలన కలుగు నష్టమును చెప్పెదము. సైనికుడు బ్రతికియున్నంతకాలము పింఛను నెలనెల వచ్చుచుండును, తప్పు కనబడదు. అతడు కన్నుమూసిననాడే యది లేచి నిలుచును. భార్య కుటుంబపింఛనుకై అర్జీ పెట్టును. పి.పి.ఓ.లో లక్ష్మమ్మ, ఆధార్‌లో లక్ష్మీదేవి, బ్యాంకు పుస్తకములో ఓబుళమ్మ. ఈ మువ్వురును ఒక్కతెయేయని యామె యెట్లు నిరూపించును? చెప్పగలిగిన ఒక్క మనిషియు కాటికి పోయెను. దిద్దించుట భర్తకు ఒక సంతకముతో నగు పని. భార్యకది యేండ్ల పని. ఈ ప్రసంగమున మేము చెప్పదలచినదంతయు ఇందులోనే యున్నది: తప్పు సైనికునిది గాకపోయినను, దానిని దిద్దించుటకు తగిన కాలము సైనికుని జీవితకాలమే.

2021లో రక్షణశాఖవారు స్పర్శ్ అను కంప్యూటరు పద్ధతిని ప్రవేశపెట్టి, పాత పింఛనుదారుల వివరములను అందులోనికి ఎక్కించుచు వచ్చిరి. దీనివలన మేలు గలదు. పింఛనుదారుడు తన వివరములను తానే చూచుకొనవచ్చును. కాని పాతకాగితములోని తప్పు కొత్తపద్ధతిలోనికి అట్లే పోవును. ఏటేట జీవించియున్నట్లు ప్రమాణపత్రము నిచ్చునపుడు, పింఛను వచ్చినదిగదా యని తృప్తిపడక, భార్యాబిడ్డల పేళ్ళను, తేదీలను చదివించుకొని వినవలయును.

సేవాకాలపు లెక్కలోని తప్పు మఱియొక విధమైనది. సామాన్య సిపాయికి సేవాపింఛను రావలెనన్న 15 సంవత్సరముల అర్హసేవ కావలయును. కొద్దిపాటి కొఱతను, ఒక సంవత్సరమునకు మించనిదానిని, మన్నించు అధికారము ప్రభుత్వమునకు గలదు. కనుక సెలవును గైరుహాజరుగా వ్రాసిన ఒక చిన్న పంక్తి కొందఱికి జీవితపు అన్నమును తీసివేయగలదు. మఱియు పింఛను లేక విడుదలయైనవారి పత్రములను 25 సంవత్సరములుంచి తరువాత నాశనము చేయుట సైన్యపు నియమము. లాంగ్ రోల్ అను పట్టికలోని సంక్షిప్తవివరము మాత్రము శాశ్వతముగా నిలుచును. ఆ గడువు దాటిన పిదప దిద్దుటకు కాగితమే యుండదు.

ఒక్కొకపుడు దాఖలాలో నేమియు లేకపోవుటయే సైనికునికి రక్ష. ధరమ్‌వీర్ సింగు అను సిగ్నల్సు సిపాయి 1985లో సైన్యమున చేరి, మూర్ఛరోగమను కారణముచే 1994లో పంపివేయబడెను. ఆ రోగము సేవవలన వచ్చినది కాదని వైకల్యపింఛను నిరాకరించిరి. చేరిననాటి వైద్యపత్రములో ఏ రోగమును వ్రాసియుండలేదు గనుక, ఆనాడతడు ఆరోగ్యవంతుడేయని భావింపవలెననియు, తరువాత వచ్చిన రోగము సేవవలన గాదని చూపవలసిన భారము ప్రభుత్వముపైననే యుండుననియు 2013లో సుప్రీముకోర్టువారు తీర్పుచెప్పి అతనికి పింఛను నిప్పించిరి. కావున వైద్యపత్రముల నకళ్ళను విలువలేనివని పారవేయకుడు.

అన్ని తప్పులును దిద్దబడునా యని మీరడుగవచ్చును. కావు. పేరులోని అక్షరదోషము, భార్యాబిడ్డల పేళ్ళు, విలాసము సులభముగా దిద్దబడును. సేవాకాలము, గాయములు, పతకములు సాక్ష్యమున్నచో దిద్దబడును. జన్మతేదీ మాత్రము దాదాపు కదలని బండ. మన పల్లెలలో పుట్టిననాడు తిరునాళ్ళను బట్టియో, పెన్నకు వఱద వచ్చిన యేటిని బట్టియో జ్ఞాపకముంచుకొందురు. బడిలో ఉపాధ్యాయుడు వేసిన తేదీయే జీవితమంతయు వెంబడించును. దీనికి సామాన్యుని దృష్టాంత మక్కఱలేదు. భారత సేనాధిపతియైన జనరల్ వి. కె. సింగుగారి జన్మతేదీ సైన్యపు ఒక శాఖలో 1950 మే 10 అనియు, వేఱొక శాఖలో 1951 మే 10 అనియు నుండెను. ఆయన 1951 యే నిజమని వాదించిరి. ప్రభుత్వము 1950నే స్థిరపఱచెను. ఆయన సుప్రీముకోర్టునకు పోయి, 2012 ఫిబ్రవరిలో అర్జీని ఉపసంహరించుకొని, ఆ సంవత్సరము మే చివర పదవీవిరమణ చేసిరి. సర్వసైన్యమున కధిపతియైనవానికే సాధ్యపడనిది, విరమించిన పిదప మనవానికి సాధ్యమగునని ఆశపెట్టు దళారులను నమ్మకుడు. జన్మతేదీని సరిచూడవలసినది బిడ్డను బడిలో వేసిననాడు.

దిద్దించుకొను మార్గమును క్రమముగా చెప్పెదము.

మొదట, డిశ్చార్జి పుస్తకమును, పి.పి.ఓ.ను, ఆధార్‌ను, బ్యాంకు పుస్తకమును ఒకచోట పఱచి, అక్షరమక్షరము సరిచూడవలయును. ఏది తప్పో, ఏది యొప్పో ముందుగా నిర్ణయించుకొనవలయును. ఆధార్‌లోనే తప్పున్నచో దానిని దిద్దించుట సులభము. సైన్యపు దాఖలాను కదల్పనక్కఱలేదు. చాలమంది ఈ విచారము లేక పెద్దకొండను త్రవ్వబోవుదురు.

రెండవది, తప్పు సైన్యపు దాఖలాలోనే యున్నచో, కడపలోని జిల్లా సైనికసంక్షేమ కార్యాలయమునకు పోయి వారి ద్వారమున రికార్డు ఆఫీసునకు అర్జీ పంపవలయును. అర్జీలో సైనికుని సంఖ్య, హోదా, పేరు, పి.పి.ఓ. సంఖ్య, ఇప్పుడున్న వ్రాత, ఉండవలసిన వ్రాత – ఇంతమాత్రమే యుండవలయును. యుద్ధములో తాను పడిన పాట్లను అందులో వర్ణింప బనిలేదు. ప్రమాణపూర్వకమగు అఫిడవిట్టును, గుర్తింపుపత్రముల నకళ్ళను, డిశ్చార్జి పుస్తకపు నకలును జతపఱుపవలయును. పేరు పూర్తిగా మాఱునపుడు పత్రికాప్రకటనయు గెజెట్టు ప్రకటనయు అడుగుదురు. అసలు పత్రములను టపాలో నెన్నడును పంపరాదు. టపా రసీదును భద్రపఱుపవలయును.

మూడవది, రికార్డు ఆఫీసువారు పార్ట్ టూ ఆర్డరు ప్రకటించినంతమాత్రమున పని ముగిసినదని యింట గూర్చుండరాదు. అది పింఛను కార్యాలయమునకు పోయి, సవరణ పి.పి.ఓ. వచ్చువఱకు పని సగమే. ఈ సగమున నిలిచిపోవుట మిక్కిలి సులభము.

నాలుగవది, ప్రత్యుత్తరము రానిచో 2005 నాటి సమాచారహక్కు చట్టముక్రింద పది రూపాయల రుసుముతో తన దాఖలా నకలును, అర్జీ యేమైనదను వివరమును అడుగవచ్చును. ముప్పది దినములలో సమాధానమీయవలయును. అప్పటికిని న్యాయము జరుగనిచో 2007 చట్టముచే ఏర్పడిన సాయుధదళముల ట్రిబ్యునలు గలదు. మనకు చెన్నపట్టణములోని శాఖ దగ్గఱ.

ఐదవది, డిశ్చార్జి పుస్తకములో స్వహస్తముతో ఒక్క గీతయైనను గీయరాదు. సదుద్దేశముతో దిద్దినను దానిని కూటదిద్దుబాటుగానే యెంచుదురు.

కచ్చేరులోనున్నదిగదా యని యింటి నకళ్ళను అలక్ష్యము చేయువారికి రెండు విదేశవృత్తాంతములు చెప్పెదము. 1940 సెప్టెంబరులో లండనుపై పడిన బాంబులచే, 1914–18 యుద్ధపు బ్రిటిషు సైనికుల దాఖలాలలో సగముకంటె నెక్కువ కాలిపోయెను. అమెరికాలో సెయింటు లూయీ నగరమునందలి దాఖలాభవనమునకు 1973 జూలై 12న నిప్పంటుకొని, 160 మొదలు 180 లక్షల వఱకు సైనికుల పత్రములు నాశమైనవి. ఆ దేశమున సైనికదాఖలాల తప్పులను దిద్దుటకే ప్రత్యేకమండలులు గలవు. అయినను కాలిన కాగితమును వారేమి దిద్దగలరు? జీతపు చీట్లు మొదలగు ఇతర దాఖలాలనుబట్టి సేవను తిరిగి నిరూపింపవలసివచ్చినది. అట్టి సమయమున ఇంట దాచుకొన్న నకలే సిపాయికి దిక్కు. మన యిండ్లలో డిశ్చార్జి పుస్తకము దూలముపైనుండి వానకు తడియుచు, చెదలకు మేతయగుచున్నది. పట్టాదారు పాసుపుస్తకమునకు చేయు గౌరవము దీనికిని చేయుడు.

ఇక సంఘము చేయదగిన పనులను సభవారి యాలోచనకు సమర్పించుచున్నాము.

1. ప్రతిగ్రామశాఖయు తన పరిధిలోని విశ్రాంత సైనికుల పేళ్ళపట్టికను, సైనికుల వితంతువుల పట్టికను సిద్ధపఱుపవలయును.

2. ఇంగ్లీషు, హిందీ చదువ నేర్చిన యువకుల నిద్దఱిని సంఘము నియమించి, ఏడాదికొకమాఱు ఇంటింటికిని పోయి పత్రములను సరిచూపవలయును. పోషకులగు మహాశయులు వసతిగృహములకు, కల్యాణమంటపములకు ఉదారముగా నిచ్చుచున్నారు. ఈ యువకుల జీతమునకును, నకళ్ళకును, టపాఖర్చులకును కావలసినది అందులో స్వల్పభాగము. రాతిమీద దాతపేరు దీనికి లేదు. కాని ఒక యింట పొయ్యి ఆఱకుండును.

3. సరిచూచునపుడు సైనికుని భార్యను ఎదుట కూర్చుండబెట్టి, దాఖలాలోనున్న ఆమె పేరును ఆమెకు చదివి వినిపింపవలయును. ఆ పత్రము రేపు ఆమెకే పనికివచ్చునది.

4. ఈ సహాయము మన కులమువారికి మాత్రమే యని గిరిగీయరాదు. ఒకే కందకమున కూర్చున్నవారు కులమడిగి కూర్చుండలేదు. ఒకే పల్లెలోని వేఱు కులపు సిపాయి మన యువకుని వద్దకు వచ్చినచో, వాని కాగితమును గూడ చూచి పంపుట మన సంఘమునకు గౌరవము.

మహాజనులారా! సైనికునికి పూలమాలలు వేయుట, శాలువలు కప్పుట మంచివే. ఈ సభలోను సాయంకాలము అట్టి సత్కారము జరుగనున్నది. మాలతోబాటు ప్రతిసైనికుని, ‘అయ్యా, మీ పి.పి.ఓ.లో మా అమ్మగారి పేరెట్లున్నది?’ అని యొక్కమాట యడిగి, చదివి చూచి పంపుడని ప్రార్థించుచున్నాము. అందులో తప్పున్నచో రేపటి సోమవారమే కడపకు అర్జీ బయలుదేఱవలయును.